లాన్‌హే నగరాన్ని తిట్టిపోసిన షెన్ గూ

చీనా దేశాన్ని పూర్వం ఎన్నో వంశాలు ఏలాయి. వాటిలో యున్ వంశమని ఒకటి. ఆ వంశంలో యున్ తావ్ అనే చక్రవర్తి పట్టానికి వచ్చీరాగానే తాతముత్తాతల నాటి రాజధానిని విడిచిపెట్టి, ఉత్తరాన కొత్త రాజధాని కట్టించాడు.

పాత రాజధాని పేరు లాన్‌హే. అది దక్షిణాన, నది ఒడ్డున ఉండేది. వీధికొక కాలవ, కాలవకొక వంతెన. గోడల మీద నాచు, పెరళ్ళలో మల్బరీ చెట్లు, పడవల మీద సంత. కొత్త రాజధాని పేరు దింగ్‌బెయ్. చుట్టూ ఎండు మైదానం, ఏడాది పొడుగునా ఎర్ర దుమ్ము. వీధులు మాత్రం తాడు పట్టి గీసినట్టుండేవి. చక్రవర్తి తానే దగ్గరుండి కొలతలు చెప్పి కట్టించాడు కనుక ఆ నగరంలో లోపమనేది ఉండే వీలు లేదని ఆయన నమ్మకం.

"భూమండలం మీద ఇలాంటి నగరం మరొకటి ఉందా?" అని సభలో రోజూ అడిగేవాడు.

"లేదు ప్రభూ, లేదు," అని సభ రోజూ జవాబిచ్చేది.

జవాబిచ్చినవాళ్ళందరూ లాన్‌హేలో పుట్టి పెరిగినవాళ్ళే. సభ ముగిశాక తలలు వంచుకుని, దుమ్ముకి కళ్ళు చికిలించుకుంటూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఆ సభలో షెన్ గూ అనే మాటకారి ఉండేవాడు. చక్రవర్తికి పొద్దు పోనప్పుడు కబుర్లు చెప్పడం, పరదేశపు రాయబారులు మెలిక ప్రశ్నలు వేస్తే నవ్వుతూ మెలిక విప్పడం అతని ఉద్యోగం. అతని నోట మాట తడబడగా ఎవరూ చూడలేదు. అతను దిగులుగా ఉండగా కూడా ఎవరూ చూడలేదు. దిగులు మాత్రం ఉంది.

రాజధాని తరలిపోయిన వసంతంలో షెన్ గూ ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టేముందరి ఆఖరి నిద్రలో ఉన్నాయి. ఆ సమయంలో తట్టలు కదిపితే పురుగు బతకదు.

"మీరు ముందు వెళ్ళండి. పురుగులు గూళ్ళు కట్టనీండి, దారం తీసుకుని నేను వెనకే వస్తాను," అంది అతని భార్య మేయ్ సూ.

రేవు మెట్ల మీద నిలబడి అంది ఆ మాట. చేతిలో మల్బరీ ఆకుల బుట్ట ఉంది. పడవ మలుపు తిరిగేదాకా షెన్ గూ ఆ బుట్టనే చూశాడు గాని ఆమె ముఖం చూడలేదు. చూస్తే పడవ దిగిపోతానేమోనని భయం.

ఆమె దారం తీయడం పూర్తయ్యేలోగా చక్రవర్తి శాసనం ఊరూరా చాటింపు వేశారు. "చక్రవర్తి మొదలు వీధులూడ్చేవాడి వరకు ఎవరూ లాన్‌హే గురించి ప్రేమగా మాట్లాడరాదు. మాట్లాడినవాళ్ళకు దింగ్‌బెయ్‌లో చోటు లేదు. వాళ్ళను ఎడారి సరిహద్దుకు, కోటగోడ పనికి తోలేస్తాం. ఆ ఊరికీ ఈ ఊరికీ రాకపోకలు బంద్."

శాసనం రాసింది మహామంత్రి గావ్ చీ. 'చక్రవర్తి మొదలు' అన్న మాట మాత్రం చక్రవర్తి పట్టుబట్టి చేర్పించాడు. "మా మనసు ఎంత గట్టిదో లోకానికి తెలియాలి," అన్నాడు.

అలా దారి మూసుకుపోయింది. వసంతాలు వచ్చాయి, పోయాయి. షెన్ గూ తన ఇంటి ముంగిట ప్రతి ఏడూ ఒక మల్బరీ మొక్క నాటేవాడు. శీతకాలం గాలికి అది మాడిపోయేది. మళ్ళీ నాటేవాడు. ఎవరైనా అడిగితే, "చీపురు పుల్లలకి పనికొస్తాయని," అనేవాడు. సాయంత్రం పూట ఆ ఎండు పుల్ల పక్కన కూచుని, ఈపాటికి ఆమె తట్టలు కడిగి రేవులో బోర్లించి ఉంటుంది, ఈపాటికి చేతులు తుడుచుకుని దీపం పెట్టి ఉంటుంది అనుకునేవాడు. రెండో మనిషితో అనుకునే వీల్లేదు.

ఇలా ఉండగా రాజుగారి వంటశాలలో ఒక గొడవ జరిగింది.

అక్కడ చక్రవర్తి చిన్ననాటి నుంచీ వండుతున్న మెంగ్ అవ్వ అని ఒక ముసలి వంటమనిషి ఉంది. నోట్లో ఒక్క పన్ను లేదు గాని, ఆవిడ చేసిన ఊరగాయ కోసం రాజబంధువులు జాడీలు పంపేవాళ్ళు. ఒకనాటి ఉదయం కొత్త జాడీ మూత తీసి, వేలితో నాలిక్కి రాసుకుని, "ఎన్ని చేసినా ఇంతే. దీనికి లాన్‌హే నీళ్ళు పడాలి. ఆ నీళ్ళే నీళ్ళు," అని నిట్టూర్చింది.

ఆ మాట గావ్ చీ మనిషి చెవిన పడింది. మధ్యాహ్నానికల్లా అవ్వను చెరసాలలో పెట్టారు.

షెన్ గూ చూడబోయాడు. అవ్వ గోడకి ఆనుకుని కూచుని ఉంది.

"ఏమన్నావు అవ్వా, అంత కొంప మునిగే మాట?"

"నీళ్ళు బాగుంటాయన్నాను నాయనా. అబద్ధమా?"

"నిజం గనకే పట్టుకున్నారు."

"ఎడారిలో ఏం పెడతారట తినడానికి?"

"ఎండు రొట్టె."

అవ్వ చిగుళ్ళు తడుముకుంది. "నానబెట్టుకోడానికి నీళ్ళైనా ఇస్తారా?" అని, గొంతు తగ్గించి అడిగింది: "నీ పెళ్ళాం అక్కడే ఉండిపోయింది కదూ? నీకు గుర్తు రాదూ ఆ ఊరు?"

షెన్ గూ గుమ్మం వైపు చూశాడు. కాపలావాడు వింటున్నాడు.

"ఏ ఊరు అవ్వా?" అన్నాడు నవ్వుతూ. అంటూంటే నోరు చేదుగా అయింది.

చెరసాల నుంచి ఇంటికి పోలేదు. తిన్నని వీధుల్లో చాలాసేపు తిరిగాడు. ఇన్నాళ్ళూ అందరి నోళ్ళూ మూసుకున్నాయి. తన నోరు మరీను. రేపో మాపో పళ్ళు లేని ముసల్ది ఒక నిజం అన్నందుకు ఎడారి బండి ఎక్కుతుంది. దీనికి నవ్వుతూ ఉండిపోతే ఇక తన మాటకారితనం దేనికి?

మర్నాడు సభలో చక్రవర్తి రోజూ అడిగే ప్రశ్న అడిగాడు, సభ రోజూ ఇచ్చే జవాబిచ్చింది. గావ్ చీ లేచి అవ్వ సంగతి విన్నవించి, ఎడారికి పంపడానికి సెలవిమ్మన్నాడు.

"బలహీనులు!" అన్నాడు చక్రవర్తి, మీసం సవరించుకుంటూ. "ఆ ఊరి పొలిమేర దాటాక మాకు ఒక్కసారైనా అది గుర్తు రాలేదు. మరచిపొమ్మని మేము ఆజ్ఞాపిస్తే మా మనసైనా సరే మరచిపోవలసిందే."

షెన్ గూ ముందుకు వచ్చి వంగి నమస్కరించాడు.

"ప్రభువులకి సాధ్యమైంది ప్రజలకి సాధ్యం కావడం లేదు. ఒక ముసల్దాన్ని పంపినంత మాత్రాన మిగతావాళ్ళ మనసుల్లోంచి ఆ ఊరు పోదు. సెలవిస్తే నేను ఒక పని చేస్తాను."

"ఏమిటది?"

"నిండు సభలో లాన్‌హేను తిట్టిపోస్తాను. దాని లోపాలన్నీ ఒక్కొక్కటే బయటపెడతాను. విన్నవాళ్ళకి ఆ ఊరంటేనే రోత పుట్టాలి."

గావ్ చీ అనుమానంగా చూశాడు. "ఆ ఊరి గురించి మాట్లాడడమే నేరం కదా."

"ప్రేమగా మాట్లాడడం నేరం, మహామంత్రీ. తిట్టడానికి అడ్డేమీ లేదు. రాసింది తమరే."

చక్రవర్తికి ఈ ఆలోచన తెగ నచ్చింది. "రేపే కానియ్యి. పెద్ద ఉద్యోగుల నుంచి గుర్రాలవాళ్ళ దాకా అందరినీ పిలిపించండి. ఆ ముసల్దాన్ని కూడా తెచ్చి కూచోబెట్టండి. వెళ్ళేముందు విని పోతుంది."

మర్నాడు సభ కిక్కిరిసింది. అవ్వ ఒక మూల నేల మీద కూచుంది. షెన్ గూ మధ్యకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మహాజనులారా! లాన్‌హే అని ఒక దిక్కుమాలిన ఊరుంది. ఆ ఊళ్ళో నది అని చెప్పుకునే ఒక మురుగు కాలవ ఉంది. తూర్పున పుట్టి పడమటికి పారి..."

"పడమట పుట్టి తూర్పుకి," అన్నాడు చక్రవర్తి, పక్కన పళ్ళెంలోంచి ద్రాక్షపండు తీసుకుంటూ.

"చిత్తం. ఎటు పారితే ఏముంది, మురుగే గదా ప్రభూ. ఇక ఆ మురుగు మీద ఒక చెక్క వంతెన. నడిస్తే కిర్రుకిర్రుమని..."

"చెక్క వంతెన ఎక్కడిదయ్యా? రాతిది." చక్రవర్తి ద్రాక్షపండు మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "లేత బూడిదరంగు రాయి. కమ్మీల మీద సింహాలు చెక్కి ఉంటాయి."

"అవునవును, సింహాలు. కోరలు, గోళ్ళు, చూస్తే పిల్లలు జడుసుకునేంత భయంకరంగా..."

"జడుసుకోవడమా! వాటి మీద ఎక్కి కూచునేవాళ్ళు పిల్లలు. మొదటి సింహానికి ముక్కే లేదు. పరీక్షకు పోయే ప్రతివాడూ అచ్చివస్తుందని దాని ముక్కు రుద్ది పోతే అరిగిపోయింది. ఆ ఊళ్ళో పుట్టి ఆమాత్రం తెలియదా నీకు?"

"బుద్ధి మందగించింది ప్రభూ, ఈ దుమ్ముకి. సరే, ఆ వంతెన కింద నువ్వుల రొట్టెలమ్మే ఒక బట్టతలవాడుండేవాడు. పరమ పిసినారి. మాడిన రొట్టెలు పసిపిల్లలకి అంటగట్టి..."

"నోర్ముయ్!" చక్రవర్తి సింహాసనం అంచుకి వచ్చేశాడు. "ఫాంగ్ ముసలాయన పిసినారా? ఎవరు చెప్పారు నీకు? పిల్లవాడెవరైనా వస్తే అడక్కుండానే ఇంకొకటి చేతిలో పెట్టేవాడు. పొయ్యి గోడకి అంటిన రొట్టె చెంచాతో గీకి, 'ఊదుకుని తిను బాబూ, నాలిక కాలుతుంది' అని... నేనెవరో తెలియదు ఆయనకి. మా దాది నన్ను మారువేషంలో దొడ్డిదారిన తీసుకుపోయేది. ఎన్ని రాజభోజనాలు తిన్నాను, మళ్ళీ ఆ..."

అని ఆగాడు. 'మేము' అనే చక్రవర్తి 'నేను' అనడం అందరూ గమనించారు, ఆయన తప్ప.

షెన్ గూ గొంతు ఇంకా పెంచాడు. పెంచక తప్పలేదు. ఇప్పుడు అనబోయే మాట తన ఇంటి మాట.

"అన్నిటికంటే అసహ్యం ఆ ఊరి వాన, మహాజనులారా! మల్బరీ కాయలు పండేవేళ మొదలవుతుంది, ఆపమన్నా ఆగదు. బట్టలకి బూజు, గోడలకి చెమ్మ. పెంకుల మీద ఆ చప్పుడు వింటూ పడుకోవడమంటే నరకం. ఆ ఊరి మనుషులు ఒక్కరైనా ఆ చప్పుడుకి కన్ను మూసి ఎరుగుదురా?"

చక్రవర్తి దిద్దుతాడని అందరూ చూశారు. ఆయన తల పైకెత్తి సభ కప్పు వైపు చూశాడు.

"మా అమ్మ చూరు కింద గిన్నెలు పెట్టించేది," అన్నాడు చివరకు. ఆ గొంతు సభలో ఎవరూ విననిది. "కంచువి, మట్టివి, చిన్నవి, పెద్దవి. ఒక్కో గిన్నె ఒక్కోలా మోగేది. 'ఇది నీ పాట, ఇది నాన్నగారి పాట' అని చెప్పేది. వింటూ ఆమె ఒళ్ళో నిద్రపోయేవాణ్ణి. ఈ పాడు ఊళ్ళో పడుకున్న నాటి నుంచి నాకు అలాంటి నిద్ర లేదు."

మూల నుంచి అవ్వ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. గుర్రాలవాడొకడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. గావ్ చీ కూడా ఎటో చూస్తున్నాడు.

షెన్ గూ నేల మీద సాగిలపడ్డాడు.

"ప్రభూ, ఈ సభలో ఇప్పుడే ఒక నేరం జరిగింది."

"ఏమిటి?"

"నేను ఆ ఊరిని తిట్టాను. దానికి ఇంతమంది సాక్షులు. మరొకరు మాత్రం ప్రేమగా మాట్లాడారు. దానికీ ఇంతమందే సాక్షులు."

గావ్ చీ ఉలిక్కిపడి లేచాడు. "వీడి తల తీయించండి ప్రభూ! శాసనం ప్రజలకి గాని ప్రభువులకి కాదు!"

"'చక్రవర్తి మొదలు' అని ఉంది, మహామంత్రీ. ఊరూరా చాటింపు కూడా అయింది," అన్నాడు షెన్ గూ, తల ఎత్తకుండానే.

భటుల చేతులు కత్తుల మీదికి పోయాయి. చక్రవర్తి ముఖం కందగడ్డలా అయింది. షెన్ గూ నుదురు చల్లటి రాతికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. రేవు మెట్లు కనిపించాయి. ఈసారి మేయ్ సూ ముఖం చూశాడు.

"అయితే," అన్నాడు చక్రవర్తి పళ్ళు బిగించి, "మమ్మల్ని ఎడారికి పంపిస్తావా?"

"నేనెవణ్ణి ప్రభూ పంపడానికి? తమ శాసనమే పంపుతుంది. రేపటికి మెంగ్ అవ్వ కోసం బండి సిద్ధంగానే ఉంది. అందులో ఇంకొకరికి చోటుంది. కాకపోతే ఒక్క ఇబ్బంది. అవ్వకి పళ్ళు లేవు. దారిలో పూటపూటా ఎండు రొట్టె నానబెట్టి పెట్టే పని ప్రభువులదే అవుతుంది."

భటులు ఆజ్ఞ కోసం చక్రవర్తి వైపు తిరిగారు.

మూల నుంచి అవ్వ గొంతు లేచింది. "అమ్మో, వద్దు నాయనా. చిన్నప్పుడు ఈయన పాలు కూడా వలకబోసేవాడు!"

చక్రవర్తి పెదవి అదిరింది. ఆపుకుందామని చూశాడు, ఆగలేదు. సింహాసనం చేతుల మీద చరుస్తూ నవ్వాడు. సభంతా నవ్వింది. అందరూ ఆపేశాక కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. చేతి రుమాలుతో ముఖం తుడుచుకుంటుంటే, తుడుచుకునేది నవ్వో ఏడుపో దగ్గరున్నవాళ్ళకి కూడా తెలియలేదు.

"లే," అన్నాడు. "నది ఎటు పారుతుందో తెలియనట్టు నటించావు గదరా దొంగా!"

"తెలుసని చెబితే నేనే బండి ఎక్కాలి ప్రభూ."

శాసనం ఆ క్షణమే రద్దయింది. అవ్వకు సంకెళ్ళు తీశారు. దక్షిణపు దారి తెరవమని కబురు వెళ్ళింది. చక్రవర్తి తన ఒంటి మీది పట్టు శాలువా తీసి షెన్ గూ భుజాల మీద కప్పి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఇంటికి పోవడానికి సెలవు, ప్రభూ."

చక్రవర్తి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. సభను పొమ్మని సైగ చేసి, అతన్ని ఒక్కణ్ణీ ఉంచాడు.

"తిరిగి రావా?"

"మనసు అక్కడే ఉండిపోయింది ప్రభూ. ఒళ్ళు ఇన్నాళ్ళు ఇక్కడ కొలువు చేసింది. రెండిటినీ ఒకచోట చేర్చుకునే వయసు వచ్చింది." కాసేపాగి, "ప్రభువులు కూడా రావచ్చు గదా. దారి తెరిచారు," అన్నాడు.

చక్రవర్తి ఉత్తరపు కిటికీ వైపు చెయ్యి చూపించాడు. గోడలకి ఆవల మైదానం, దాని అవతల ఎక్కడో గుర్రాల ధూళి.

"అటు నుంచి శత్రువుల గుర్రపు దండు దిగకుండా ఇక్కడ ఒకరు కూచోవాలి. మా నాన్న కూచోలేదు. లాన్‌హే సుఖం వదల్లేక అక్కడే ఉండిపోయాడు, సరిహద్దు ఊళ్ళు తగలబడ్డాయి. అందుకే కట్టాను ఈ ఊరు. ఆ పేరు ఎవరు పలికినా నా కాలు నిలవదు, షెన్ గూ. అందుకే ఎవరినీ పలకనివ్వలేదు."

షెన్ గూ వచ్చి ఆయన పక్కన చేరాడు. ఇద్దరూ కాసేపు ఆ కిటికీ దగ్గరే నిలబడ్డారు.

బయల్దేరే రోజున దక్షిణ ద్వారం దగ్గర బండ్లు బారులు తీరాయి. మెంగ్ అవ్వ ముందు బండిలో ఊరగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. గొడుగు, భజంత్రీలు లేకుండా చక్రవర్తి నడిచి వచ్చాడు.

"పోతూ పోతూ మాకు ఒక సలహా చెప్పి పో," అన్నాడు.

షెన్ గూ వెనక్కి తిరిగి ఆ తిన్నని వీధుల్ని చూశాడు. దుమ్ములో పిల్లలు కేకలు వేస్తూ పరుగెడుతున్నారు. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు.

"వీళ్ళకి లాన్‌హే తెలియదు ప్రభూ. రేపు పెద్దై ఎక్కడికి పోయినా వీళ్ళు తలుచుకునేది ఈ ఊరినే. వీళ్ళ కోసం ఒక్క వీధైనా వంకరగా కట్టించండి. తిన్నని వీధిని తలుచుకుని ఎవరూ ఏడవలేరు."

చక్రవర్తి మళ్ళీ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వింటూ షెన్ గూ బండి ఎక్కాడు. ఆ ఏడే దింగ్‌బెయ్‌లో ఒక వంకర వీధి వెలిసిందంటారు. దాని మలుపులో నువ్వుల రొట్టెల అంగడి కూడా పెట్టించాడట.

దారి పొడుగునా షెన్ గూ భార్యతో ఏమనాలా అని మాటలు కూర్చుకున్నాడు. 'దారం తీయడం ఇంకా కాలేదా' అని అడుగుదామనుకున్నాడు. అది బాగాలేదని ఇంకొకటి, అదీ కాదని మరొకటి. అన్నీ మంచి చమత్కారాలే. పడవ మలుపు తిరిగి వాన తుంపరలో లాన్‌హే పెంకుల కప్పులు కనిపించేసరికి వాటిలో సగం మరచిపోయాడు. ఇంటి తలుపు తట్టేసరికి మిగతా సగం పోయాయి.

తలుపు తీసింది మేయ్ సూ. జుట్టు నెరిసింది. తడిచేతులు అంగీ అంచుకి తుడుచుకుంటూ చూసింది. ఆ చేతులు అలాగే ఆగిపోయాయి.

ఎందరో రాయబారుల నోళ్ళు మూయించిన షెన్ గూ నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. రాలేదు.

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. భుజం మీద శాలువాకి పట్టిన దుమ్మును అరచేత్తో దులిపింది. ఒకసారి దులిపితే పోలేదు, మళ్ళీ దులిపింది. చెయ్యి తీసుకోలేదు.

"వానలో తడుస్తున్నారు," అంది. "లోపలికి రండి."